జతపరచండిలో అందరికీ ఐదుకు ఐదే వస్తున్నాయి, ఏం చేయాలి?

ప్రశ్న: నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో 8, 9 తరగతులకి సోషల్ చెప్తాను. ప్రతి యూనిట్ టెస్టులోనూ ఐదు మార్కులకి ఒక జతపరచండి ఉండాల్సిందేనని మా హెచ్‌ఎం గారి పట్టుదల. దిద్దడానికి తేలికే కానీ నాకు దానిమీద నమ్మకం లేదు. క్లాసులో సగం మందికి పైగా ఐదుకు ఐదు వస్తాయి, మర్నాడు లేపి అదే విషయం నోటితో అడిగితే దిక్కులు చూస్తారు. ఇంకో విచిత్రం, ఐదు వస్తాయి, మూడు వస్తాయి, రెండు వస్తాయి, నాలుగు మాత్రం ఒక్కరికీ రావు. కాపీ కొట్టడం కూడా ఈ ప్రశ్న దగ్గరే ఎక్కువ. అసలిది పనికొచ్చే ప్రశ్నేనా, లేక హెచ్‌ఎం గారితో గట్టిగా మాట్లాడి మానేయమంటారా? మొన్నటి టెస్టులో నేనిచ్చింది ఇది:

1. కావేరి నది జన్మస్థానం (  ) అ) ఉమ్మడి జాబితా
2. సైమన్ కమిషన్ భారతదేశానికి వచ్చిన సంవత్సరం (  ) ఆ) దుగ్గిరాల గోపాలకృష్ణయ్య
3. చీరాల–పేరాల ఉద్యమ నాయకుడు (  ) ఇ) మంచినీటి సరస్సు
4. విద్య ఏ జాబితాలో ఉంది? (  ) ఈ) తలకావేరి
5. కొల్లేరు (  ) ఉ) 1928

— ఒక సోషల్ టీచర్

సమాధానం:

టీచర్ గారూ, హెచ్‌ఎం గారితో గొడవేమీ వద్దు. జతపరచండి అనే ప్రశ్నలో లోపం లేదు, మీరు పంపిన ప్రశ్నలో ఉంది. ఈ మాటకి నొచ్చుకోకండి, బయట దొరికే గైడ్లూ మోడల్ పేపర్లూ తిరగేస్తే చాలావరకు ఇదే బాపతు, వాటిని చూసి చూసి మనకీ ఇదే అలవాటైపోయింది.

మీ ప్రశ్నని ఒక్కసారి పాఠం అసలు చదవని మనిషిలా చూడండి. రెండో దాంట్లో సంవత్సరం అడిగారు, కుడివైపు అంకెలున్నది ఒక్కటే. మూడో దాంట్లో నాయకుడెవరన్నారు, కుడివైపు మనిషి పేరు ఒక్కటే. నాలుగో దాంట్లో ‘ఏ జాబితా’ అని మీరే అడిగి, ఎదురుగా ‘ఉమ్మడి జాబితా’ అని మీరే రాశారు. కావేరికి తలకావేరి, అది చెప్పనే అక్కర్లేదు. ఇక మిగిలింది కొల్లేరు, మిగిలిన జవాబు మంచినీటి సరస్సు, దానికి ఆలోచించాల్సిన పని కూడా లేదు. సైమన్ ఎవరో, చీరాల ఏ మూలన ఉందో తెలియకపోయినా తెలుగు చదవడం వస్తే చాలు, ఐదు మార్కులు చేతికొచ్చేస్తాయి. మర్నాడు నోటితో అడిగితే దిక్కులు చూశారంటే చూడరా మరి, వాళ్లు మొన్న రాసింది సోషల్ పరీక్షే కాదు.

నేను చెప్పదలుచుకున్నదంతా ఇక్కడే ఉంది, మిగతావన్నీ దీని చుట్టూ తిరిగేవే. కుడివైపున్న ప్రతి జవాబూ ఎడమవైపున్న ప్రతి ప్రశ్నకీ ‘ఇదీ అయ్యుండొచ్చు’ అనిపించాలి. అంటే కుడివైపు అన్నీ మనుషుల పేర్లే ఉండాలి, లేదా అన్నీ సంవత్సరాలే, లేదా అన్నీ ఊళ్లే. పాఠం చదవని పిల్లాడికి ఏడు పేర్లూ ఒకేలా కనబడాలి, చదివినవాడికి మాత్రం తేడా తెలియాలి. ఇది కుదరనప్పుడు మిగతా హంగులు ఎన్ని చేసినా దండగే.

కుదిరిందో లేదో తెలుసుకోవడానికి పెద్ద శాస్త్రం అక్కర్లేదు, పేపర్ జిరాక్స్‌కి ఇచ్చేముందు స్టాఫ్ రూములో మీ లెక్కల సారు చేతిలో పెట్టండి. ‘సార్, మీకు తెలిసినా తెలియకపోయినా నింపండి’ అనండి. చిన్నప్పుడెప్పుడో చదివిన సోషల్‌తో ఆయన చకచకా ఐదూ నింపేశారంటే ఆ ప్రశ్న పక్కన పడేయండి. ఎలా నింపారని కూడా అడగండి, ‘ఏముందమ్మా, సంవత్సరం అంటే అంకె కదా’ అని ఆయన నోటితోనే చెప్తారు. లెక్కల వాళ్లకి ఇలాంటి దొంగదారులు ఇట్టే దొరుకుతాయి.

ఇక మీ నాలుగు మార్కుల విచిత్రం. ఇది మీ పిల్లల మహిమ కాదు, లెక్క. ఎడమ ఐదు, కుడి ఐదు, ఒక్కో జవాబు ఒక్కసారే వాడాలి అన్నప్పుడు నాలుగు సరిగ్గా పెట్టినవాడికి ఐదోది దానంతటదే సరిపోతుంది, ఇంకో చోటు లేదు కాబట్టి. తప్పు పోవాలంటే కనీసం రెండు తారుమారవ్వాలి, కాబట్టి ఐదు తర్వాత మార్కు మూడే. ఐదింటినీ అమర్చడానికి మొత్తం 120 పద్ధతులున్నాయి, అందులో అన్నీ సరిపోయేది 1, మూడు సరిపోయేవి 10, రెండు సరిపోయేవి 20, ఒక్కటే సరిపోయేవి 45, ఒక్కటీ సరిపోనివి 44, నాలుగు సరిపోయేది సున్నా. దీనివల్ల జరిగే అన్యాయం చూడండి, నాలుగే తెలిసినవాడు ఐదు పట్టుకుపోతాడు, ఒక్కచోట పొరపాటు పడ్డవాడు రెండు మార్కులు పోగొట్టుకుంటాడు. కళ్లు మూసుకుని నింపేసినవాడికి కూడా సగటున ఒక మార్కు వస్తుంది, అది వేరే సంగతి.

దీనికి మందు తేలికే. కుడివైపు రెండో మూడో ఎక్కువ పెట్టండి, లేదా ఒకే జవాబు రెండు మూడుసార్లు రావచ్చని చెప్పండి. రెంటిలో ఏది చేసినా ‘మిగిలిందే జవాబు’ అనే దారి మూసుకుపోతుంది, నాలుగు మార్కులు కూడా మీ రిజిస్టర్లో మొదటిసారి కనబడతాయి.

మీ సిలబస్‌లో స్వాతంత్ర్యోద్యమం ఎలాగూ ఉంటుంది కాబట్టి ఆ చీరాల–పేరాల ఒక్కటి తీసుకుని దాని చుట్టూ ప్రశ్న మళ్లీ అల్లుదాం. తెలుగునాట జరిగిన పోరాటాలు ఎడమవైపు, వాటి నాయకులు కుడివైపు, అంతే, ఇంకేదీ కలపొద్దు:

కింది ఒక్కో పోరాటానికి నాయకత్వం వహించిన వారిని గుర్తించి, వారి అక్షరాన్ని బ్రాకెట్లో రాయండి. ఒక్కో పేరు ఒక్కసారే వాడాలి. రెండు పేర్లు మిగిలిపోతాయి.

1. మున్సిపాలిటీ పన్నులు కట్టలేమని జనం ఇళ్లు ఖాళీ చేసి ఊరి బయట పాకలు వేసుకున్నారు. (  )
2. అడవిలో పశువులు మేపుకున్నందుకు పుల్లరి కట్టేది లేదని పల్నాడు రైతులు ఎదురుతిరిగారు. (  )
3. పెదనందిపాడు ప్రాంతంలో రైతులు ప్రభుత్వానికి భూమిశిస్తు చెల్లించడం ఆపేశారు. (  )
4. మన్యంలో పోలీస్ స్టేషన్ల మీద దాడిచేసి తుపాకులు పట్టుకుపోయారు. (  )
5. అడవి మీద, భూమి మీద హక్కు కోసం గోండులు నిజాం ప్రభుత్వంతో తలపడ్డారు. (  )

ఎ) అల్లూరి సీతారామరాజు
బి) కన్నెగంటి హనుమంతు
సి) కొమురం భీం
డి) గాడిచర్ల హరిసర్వోత్తమరావు
ఇ) టంగుటూరి ప్రకాశం
ఎఫ్) దుగ్గిరాల గోపాలకృష్ణయ్య
జి) పర్వతనేని వీరయ్య చౌదరి

ఇప్పుడిది మీ లెక్కల సారుకి ఇవ్వండి. అల్లూరి, కొమురం భీం ఆయన పెట్టేస్తారు, ఆ రెండూ ఎవరైనా పెట్టేస్తారు, అలాంటివి ఒకటి రెండు ఉండటం మంచిదే, వెనకబడిన పిల్లలకి కొంచెం ఊపిరి ఆడుతుంది. అసలు పరీక్ష మొదటి మూడింటి దగ్గర ఉంది. మూడూ పన్ను కట్టబోమన్న గొడవలే, ఒకటి మున్సిపల్ పన్ను, ఒకటి పుల్లరి, ఒకటి శిస్తు. పాఠాన్ని పైపైన చదివినవాడికి మూడూ కలగాపులగమైపోతాయి. మిగిలిపోయే రెండు పేర్లూ కూడా ఊరికే పెట్టినవి కావు, వందేమాతరం ఉద్యమ కాలంలో జైలుకెళ్లిన గాడిచర్ల, సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసులో తుపాకులకి ఎదురు నిలిచిన ప్రకాశం పిల్లలు అదే పాఠంలో చదివే మనుషులే. అదనపు జవాబు కోసం షేక్స్‌పియర్నో సచిన్‌నో తెచ్చి పెడితే పిల్లలు నవ్వుకుని కొట్టేస్తారు, అది పెట్టినా ఒకటే పెట్టకపోయినా ఒకటే.

పేర్లు ఏ వరసలో ఉన్నాయో గమనించారా? ఇంటిపేర్ల అక్షరక్రమంలో. చాలామంది కుడివైపు కావాలని కలగలిపేస్తారు, అలా కలపడంలో మనకి తెలియకుండానే ఒక పద్ధతి పడిపోతుంది, మొదటిదాని జవాబు ఎప్పుడూ మొదట ఉండదు, చివరిదాని జవాబు ఎప్పుడూ చివర ఉండదు, రెండు టెస్టులు రాసేసరికి చురుకైన పిల్లలు అది పసిగట్టేస్తారు. అక్షరక్రమంలో పెడితే ఆ బెడద లేదు, పైగా జవాబు తెలిసిన పిల్లాడు దాన్ని వెతుక్కోవడానికి టైమ్ వేస్ట్ చేసుకోనక్కర్లేదు. సంవత్సరాలైతే 1885, 1905, 1919, 1930, 1942 ఇలా వరసగా.

పొడుగు వాక్యాలు ఎడమవైపే ఎందుకంటే పిల్లాడు ఎడమవైపుది ఒకసారి చదివి జవాబు కోసం కుడివైపు మొత్తం పైనుంచి కిందికి చూస్తాడు. ఆ చూసేవి మూడు మాటల పేర్లైతే క్షణంలో పని. తిరగేసి, కుడివైపు రెండేసి లైన్ల వివరణలు పెట్టారనుకోండి, ఐదుసార్లు ఆ పేరాలన్నీ చదవాలి, చదవడంలో నెమ్మదిగా ఉండే పిల్లలకి సోషల్ తెలిసినా మార్కులు పోతాయి. ఇంగ్లిష్ మీడియంలోకి కొత్తగా మారిన సెక్షన్లలో ఇది ఇంకా ఎక్కువ కనబడుతుంది.

సూచన వాక్యం సంగతి కూడా చెప్పాలి. మనం ‘జతపరచండి’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తాం. దేన్ని దేనితో, ఏ సంబంధంతో జతపరచాలి? ఒక జవాబు రెండుసార్లు వాడొచ్చా? ఏవైనా మిగులుతాయా? ఇవన్నీ రాయండి, లేకపోతే పరీక్ష మధ్యలో ‘టీచర్, రెండు మిగిలిపోయాయి, ప్రింటింగ్ మిస్టేకా’ అని ఒకడు లేస్తాడు, వాడి వెనక పదిమంది లేస్తారు.

తెలుగులో రాసేటప్పుడు మనకే ప్రత్యేకమైన కొన్ని లీకులున్నాయి, వాటిని మాత్రం ఓపిగ్గా చూసుకోవాలి. మన భాషలో మాట చివరే సగం జవాబు చెప్పేస్తుంది. ఎడమవైపు ‘పాల్గొన్న నాయకురాలు’ అని రాసి కుడివైపు ఆడపేరు ఒక్కటే పెడితే అయిపోయింది. ‘స్థాపించినవారు’ అంటే మనిషో మనుషులో, ‘స్థాపించిన చోటు’ అంటే ఊరు. కుడివైపు నాలుగు పేర్లు మామూలుగా రాసి ఒకదానికి మాత్రం ‘గారు’ తగిలిస్తే, నాలుగు మాటలకి లేని ‘లో’ ఒకదానికి ఉంటే పిల్లలు అది పట్టేస్తారు. అన్నిటికంటే పెద్ద లీకు పేరులో పేరు, మీ కావేరి–తలకావేరి లాంటిదన్నమాట. తెలుగు టీచర్లు కవయిత్రి మొల్లని ఎడమవైపు పెట్టి మొల్ల రామాయణాన్ని కుడివైపు పెట్టేది కూడా ఇదే. నదుల జన్మస్థానాలు అడగాలనుకుంటే కావేరిని వదిలేసి గోదావరి–త్ర్యంబకేశ్వర్, కృష్ణా–మహాబలేశ్వర్, పెన్నా–నందికొండలు, నర్మద–అమరకంటక్ తీసుకోండి, తలకావేరిని కావాలంటే మిగిలిపోయే జవాబుగా పెట్టండి. ఎడమవైపు కావేరి లేనప్పుడు దాన్ని చూసి బోల్తా పడేవాళ్లు పెద్దగా ఉండరనుకోండి, అందుకని మహానది పుట్టే సిహావా లాంటిది ఇంకోటి తోడు పెడితే నయం.

నేను పై ప్రశ్నలో అ, ఆ, ఇ, ఈ బదులు ఎ, బి, సి వాడాను, కారణం మీకు దిద్దేటప్పుడు అనుభవంలోకి వచ్చే ఉంటుంది. పిల్లాడు బ్రాకెట్లో రాసింది ‘అ’నా ‘ఆ’నా, ‘ఇ’నా ‘ఈ’నా అన్నది దేవుడికే తెలియాలి. కొందరికి అది చేతిరాత, కొందరికి అది తెలివి, రెంటికీ మధ్యలో ఉండేలా ఒక గీత గీసి పెడతారు, మీరు తప్పు కొడితే పేపర్ పట్టుకొచ్చి ‘టీచర్, నేను రాసింది ఆ’ అంటారు. మీరు రాసేది ఎ, బి, సి అయినా క, గ, చ అయినా ఫర్వాలేదు, ఒకదానికొకటి పోలిక లేకపోతే చాలు. మూడో క్లాసు దాకా గీతలు గీసి కలపమనడం బాగానే ఉంటుంది, పెద్ద క్లాసులకి వద్దు, ఐదు గీతలు ఒకదాన్నొకటి దాటుకుంటూ పోయి, మధ్యలో రబ్బరుతో చెరిపిన మరకలు, ఏ గీత ఎక్కడ తేలిందో కనిపెట్టేసరికి మీ తల తిరుగుతుంది.

రెండు వైపులూ ఒకే పేజీలో ఉండాలన్నది అందరికీ తెలిసిన మాటే కానీ చివర్లో తప్పేది ఇదే. ఇంట్లో కంప్యూటర్లో చక్కగా కనబడిన ప్రశ్న డీటీపీ షాపులో ఫాంట్ మారి కుడివైపు సగం పక్క పేజీలోకి జారిపోతుంది. టేబుల్ గీసి అందులో టైప్ చేయండి, పీడీఎఫ్ చేసి ఇవ్వండి, ప్రింటు ఒకటి తీయించి చూశాకే మిగతావి తీయించండి.

ఐదు పోరాటాలూ ఐదుగురు నాయకులూ దొరికిన పాఠం కాబట్టి పైన సరిపోయింది. అన్ని పాఠాలూ అలా ఉండవు. అప్పుడు వర్గీకరణలా ఇవ్వండి. మీరు విద్య ఏ జాబితా అని ఒక్క ముక్క అడిగారు కదా, దాన్నే పెద్దది చేస్తే, కుడివైపు మూడే జవాబులు: కేంద్ర జాబితా, రాష్ట్ర జాబితా, ఉమ్మడి జాబితా. ఎడమవైపు రక్షణ, రైల్వేలు, పోలీసు, వ్యవసాయం, ప్రజారోగ్యం, విద్య, అడవులు, వివాహం–విడాకులు, మొత్తం ఎనిమిది అంశాలు, అరేసి మార్కు చొప్పున నాలుగు మార్కులు. ఇందులో మొదటి రెండూ కేంద్రం, తర్వాత మూడూ రాష్ట్రం, చివరి మూడూ ఉమ్మడి, పేపర్లో మాత్రం కలిపేయండి. విద్య, అడవులు 1976లో 42వ సవరణతో రాష్ట్ర జాబితా నుంచి ఉమ్మడి జాబితాలోకి వెళ్లాయి, మీరు క్లాసులో అది చెప్పి ఉంటే ఆ రెండూ ఎవరు విన్నారో ఎవరు వినలేదో తేల్చేస్తాయి. ఎనిమిది పెట్టడానికి కూడా కారణముంది, మూడేసి చొప్పున తొమ్మిది పెడితే పిల్లలు లెక్కపెట్టుకుని సర్దేస్తారు. ప్రాజెక్టులు–నదులు కూడా ఇదే తరహా, శ్రీరాంసాగర్‌కీ ధవళేశ్వరానికీ గోదావరే, నిజాంసాగర్‌కి మంజీర, సోమశిలకి పెన్నా, గొట్టా బ్యారేజీకి వంశధార. ‘ఒకే నది ఒకటి కంటే ఎక్కువసార్లు రావచ్చు’ అని రాసి నాగావళిని అదనంగా పెట్టండి చాలు.

జతపరచండి అంటే బట్టీ ప్రశ్నే అనే మాట మీ ఉత్తరంలో లేదు కానీ మీ మనసులో ఉన్నట్టు నాకనిపించింది. పేర్లకి పేర్లు పెడితే బట్టీయే. ఎడమవైపు సంఘటన పెట్టి చూడండి. ప్రాథమిక హక్కుల పాఠం తీసుకుందాం, ‘కింది సంఘటనల్లో ఏ ఆర్టికల్ ఉల్లంఘన జరిగింది?’ అని సూచన. పన్నెండేళ్ల పిల్లాణ్ని టపాసుల ఫ్యాక్టరీలో జీతానికి పెట్టుకున్నారు. అప్పు తీర్చలేదని ఒకాయన చేత కూలి ఇవ్వకుండా ఏళ్ల తరబడి పని చేయించుకుంటున్నారు. టీ దుకాణంలో కులం అడిగి వేరే గ్లాసు ఇచ్చారు. ఏడేళ్ల పాపని ఫీజు కట్టలేదని సర్కారు బడిలో చేర్చుకోలేదు. కార్మికులు సంఘం పెట్టుకోవడానికి వీల్లేదని ఆదేశించారు. కుడివైపు 17, 19, 21ఎ, 23, 24, 25, 30. వరసగా చూస్తే జవాబులు 24, 23, 17, 21ఎ, 19, మిగిలేవి 25, 30. ఇది పుస్తకంలో ఎక్కడా ఈ రూపంలో ఉండదు, పిల్లాడు అర్థం చేసుకుంటే తప్ప పెట్టలేడు.

కానీ ఇలాంటివి రాసేటప్పుడే ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. ఆ కుడివైపు వరసలో 15ని నేను కావాలనే పెట్టలేదు. 15లోని రెండో క్లాజు దుకాణాల్లోకీ హోటళ్లలోకీ కులం పేరుతో ప్రవేశం నిరాకరించకూడదంటుంది, టీ గ్లాసు సంఘటనకి 17 రాసినవాడూ 15 రాసినవాడూ ఇద్దరూ మీ టేబుల్ దగ్గరికొచ్చి నిలబడతారు, ఇద్దరి మాటలోనూ పస ఉంటుంది. 32 కూడా పెట్టలేదు, ఏ హక్కు పోయినా సుప్రీంకోర్టుకి వెళ్లేది 32 కిందే కదా అని ఒకడు అన్నిటికీ అదే రాస్తాడు. ఫ్యాక్టరీ పిల్లాడి దగ్గర ‘జీతానికి’ అన్న మాట లేకపోతే అది 23 కిందికి కూడా లాగొచ్చు. కుడివైపు ఒక్కో జవాబు తీసుకుని ఎడమవైపు ఐదింటితోనూ కలిపి చూడండి, ఎక్కడైనా ‘ఇదీ కరెక్టే’ అనిపిస్తే మాట మార్చండి లేదా జవాబు తీసేయండి. ఈ పని విసుగే, కానీ పేపర్లు దిద్ది ఇచ్చిన రోజు వచ్చే గోల కంటే నయం.

మధ్యలో ఒక మాట. కొన్ని ప్రైవేటు స్కూళ్లలో ఫౌండేషన్ పేరుతో ఎనిమిదో తరగతి నుంచే గ్రూప్స్ పరీక్షల తరహా ఇస్తున్నారు, జాబితా–1ని జాబితా–2తో జతపరచమని, కింద 1–బి, 2–డి, 3–ఎ, 4–సి అంటూ నాలుగు కోడ్‌లు. దాని జోలికి వెళ్లకండి. అక్కడ ఒక్క జత తెలిస్తే రెండు కోడ్‌లు ఎగిరిపోతాయి, రెండు తెలిస్తే తరచూ జవాబే తేలిపోతుంది. ఆ కిటుకు అందరికీ తెలిసిపోయింది కాబట్టే కాబోలు యూపీఎస్సీ వాళ్లు 2023 ప్రిలిమ్స్‌లో ‘పై జతల్లో ఎన్ని సరైనవి’ అని అడిగే ప్రశ్నలు దంచేశారు, దాంట్లో ఒక్కటి తెలియకపోయినా మొత్తం పోయినట్టే. లక్షల మందిని వడపోసే చోట అది వాళ్ల అవసరం. మీ క్లాసులో పిల్లాడికి మూడు తెలిస్తే మూడు మార్కులు రావాలి. ‘ఐదూ సరిగ్గా ఉంటేనే మార్కు’ అనే పద్ధతి కూడా దయచేసి పెట్టకండి.

కాపీ సంగతికొస్తే, ఒక్క అక్షరం చాలు కాబట్టి ఇందులో కాపీ సహజం. దగ్గు, వేళ్లు, రబ్బరు అడగడం, మీకు తెలియనిదేముంది. రెండు సెట్లు చేయండి. ముందే అనుకున్నట్టు కుడివైపు అక్షరక్రమం చెడగొట్టకుండా ఎడమవైపు వాక్యాల వరస మాత్రం మార్చండి, సెట్–ఎలో మొదటిది సెట్–బిలో నాలుగోది. పక్కవాణ్ని చూసి ‘ఒకటి–ఎఫ్’ అని రాసుకున్నవాడు దొరికిపోతాడు, మీకు కొత్త ప్రశ్న రాసే శ్రమ కూడా లేదు. దిద్దడానికి రెండు కీలు దగ్గర పెట్టుకోండి, అంతే.

నోటితో అడిగితే చెప్పలేకపోవడం మాత్రం ప్రశ్న ఎంత బాగా రాసినా కొంత ఉంటుంది, దాన్ని చూసి బెంగపడకండి. ఎదురుగా పేరు కనబడితే గుర్తుపట్టడం వేరు, ఏమీ లేని చోట పేరు గుర్తు తెచ్చుకోవడం వేరు, జతపరచండి మొదటిదాన్నే కొలుస్తుంది. రెండోది కూడా కావాలనుకుంటే ఒక ఉపాయం ఉంది, ప్రశ్న కింద ఇంకో లైను కలపండి: ‘పై జాబితాలో మిగిలిపోయిన ఇద్దరిలో ఒకరి గురించి ఒక వాక్యం రాయండి.’ దానికో మార్కు. ప్రకాశం గారి గురించి ‘సైమన్ గో బ్యాక్ అన్నారు’ అని ముక్తసరిగా రాసినా చాలు, అది పేపర్లో ఎక్కడా లేదు, వాడి బుర్రలోంచి వచ్చింది. ఆ వాక్యం రాయాలంటే ముందు ఎవరు మిగిలారో సరిగ్గా తేల్చుకోవాలి, కాబట్టి గుడ్డిగా నింపినవాడు అక్కడ బయటపడతాడు.

దిద్దడం అయిపోగానే మార్కులు రిజిస్టర్లో ఎక్కించి కట్ట కట్టేయకండి. ఒక తెల్ల కాగితం మీద ఒక్కో ప్రశ్నకి ఎవరెవరు ఏ అక్షరం రాశారో గీతలు పెట్టుకుంటూ పోండి, ఒక క్లాసుకి టీ తాగేంత సేపు కూడా పట్టదు. పల్నాడు ప్రశ్న దగ్గర ‘జి’ కింద గీతలు గుట్టగా పడ్డాయనుకోండి, పిల్లలు పుల్లరినీ శిస్తునీ ఒకటే అనుకుంటున్నారని అర్థం, మర్నాడు ఏం చెప్పాలో తేలిపోయింది. ‘డి’ కింద ఒక్క గీత కూడా లేకపోతే గాడిచర్ల అక్కడ దండగ, వచ్చే ఏడాది ఆ చోట ఇంకో పేరు పెట్టుకోవాలి. పది మార్కుల వ్యాసం దిద్దినా ఇంత స్పష్టంగా తెలియదు, జతపరచండిలో నాకు నచ్చేది ఇదే.

ఇక హెచ్‌ఎం గారికి ఏం చెప్పాలంటే, ఒకే రకానికి చెందిన ఐదు జతలు లేని పాఠం వచ్చినప్పుడు బలవంతంగా నది ఒకటి, తేదీ ఒకటి, మనిషి ఒకరు కలిపి కుట్టలేనని చెప్పండి. ఆ టెస్టుకి అవే ఐదు మార్కులకి మూడు జవాబుల వర్గీకరణ ఇస్తాను, లేదా మ్యాపులో ఐదు చోట్ల అంకెలు వేసి పక్కన ఏడు పేర్లిస్తాను, అదీ జతపరచడమే కదా సార్ అనండి. వెయిటేజీ మారదు, బ్లూప్రింట్ మారదు, ఆయనకి అభ్యంతరం ఉండాల్సిన పని లేదు. మరీ పట్టుబడితే మీ పాత ప్రశ్నా కొత్త ప్రశ్నా రెండూ ఆయన ముందు పెట్టి, పాఠం చూడకుండా నింపమనండి.